సుధాకర్ గుండె పాట

మా ఇంటి ఓనరు లస్మవ్వకు నేను వాయించే పాట మొదటిరోజే నచ్చలేదు. గుమ్మంలో నిలబడి కొంగుతో చేతులు తుడుచుకుంటూ కాసేపు విన్నది.

"గదేం పాట టీచరమ్మా? కోడి గింజలేరినట్టున్నది" అంది.

"మా ఆయన పాట" అన్నాను.

"సుధాకర్ సారుదా? సారు వాయిస్తే గిట్లుండకపోతుండె" అని లోపలికి వెళ్లిపోయింది.

నాకు ఒళ్లు మండింది. కానీ ఆమె అన్నదాంట్లో అబద్ధమేముంది? సుధాకర్ ఆ హార్మోనియం ముందు కూర్చుంటే శనివారం భజనకు వచ్చినవాళ్లు ఇంటికి పోవడం మరిచిపోయేవాళ్లు. నాకు సంగీతం సున్న. మంచిర్యాలలో డిగ్రీ పిల్లలకు జువాలజీ చెప్పడం నా ఉద్యోగం. కప్ప గుండెకు ఎన్ని గదులో నిద్రలో అడిగినా చెబుతాను, కల్యాణి రాగం ఏదమ్మా అంటే తెల్లమొహం వేస్తాను. పైగా నోరు మంచిది కాదు. కాలేజీలో పిల్లలు నాకు పెట్టిన పేరు మిరపకాయ మేడం. నాకు తెలీదనుకుంటారు వెధవలు.

ఈ మిరపకాయను భరించినవాడు లోకంలో ఒక్కడే. వాడు పోయి ఏడాది దాటింది.

ఛాతీలో పట్టేసినట్టుంటోందని అంటూంటే హైదరాబాద్ తీసుకెళ్లి చూపించాను. గుండె గోడలు మందంగా ఉన్నాయన్నారు. ఇది వంశంలో వచ్చే రకం కావచ్చని, రక్తం తీసి జన్యుపరీక్షకు పంపారు. పరుగెత్తొద్దు, బరువులెత్తొద్దు అని గట్టిగా చెప్పారు. రెండోసారి డాక్టరు దగ్గరికి బయల్దేరిన రోజు, మంచిర్యాల స్టేషన్లో నాకు నీళ్ల సీసా కొనడానికి దిగాడు. బండి కదిలింది. దిగినవాడు అక్కడే ఉండిపోతే ఏం పోయేది? ఇంకో బండి వచ్చేది. ఉరికాడు. ఎక్కాడు కూడా. "చూసినవా, ఎట్ల పట్టుకున్ననో!" అని నవ్వి, నా పక్కన కూర్చుని, భుజం మీద తల వాల్చాడు. రామగుండం వచ్చేదాకా నిద్రపోతున్నాడనే అనుకున్నాను.

రిపోర్టు ఆ తరువాత వచ్చింది, దినాలన్నీ అయిపోయాక. పాఠం చెప్పినట్టు చెబుతాను, విసుక్కోకండి. ప్రొటీన్ అంటే పూసల దండ. ఇరవై రకాల పూసలు. వాటినే రకరకాల వరుసల్లో గుచ్చితే ఒళ్లంతా తయారవుతుంది. సుధాకర్ గుండె కండరంలో ఒక దండ ఉంది, దాని పేరు చెబితే నోరు తిరగదు కాబట్టి వదిలేద్దాం. ఆ దండలో ఒక్క పూస మారింది. ఉండాల్సిన రకం లేదు, వేరే రకం వచ్చి కూర్చుంది. అంతే. ఆ ఒక్క పూసకు మనిషి పోయాడు.

ప్రొటీన్లను పాటలుగా మార్చి వినేవాళ్లు ఉన్నారని ఎక్కడో చదివాను. ఒక్కో రకం పూసకు ఒక్కో స్వరం ఇచ్చి, దండ వరుసలోనే వాయించుకుంటూ పోవడం. చదివినప్పుడు పనిలేనివాళ్ల పని అనుకున్నాను. సుధాకర్ పోయాక నాకూ పని లేకుండా పోయింది. కాలేజీ నుంచి వచ్చాక సాయంత్రం ఉంటుందే, అది ఎంతకీ అయిపోదు. ఒక్కదానికి ఏం వండుకోవాలి? టీవీ పెడితే ఇంట్లో ఎవరో కొత్తవాళ్లు వచ్చి పోట్లాడుకుంటున్నట్టుంటుంది. ఒకరోజు హార్మోనియం మీది దుప్పటి తీశాను. ఇరవై మెట్లు ఎంచుకుని, వాటి మీద ప్లాస్టరు ముక్కలు అంటించి, పూసల గుర్తులు రాశాను. ఎక్కువసార్లు వచ్చే పూసలకు దగ్గరి మెట్లు, అరుదుగా వచ్చేవాటికి దూరపు మెట్లు. దండ వరుస ఇంటర్నెట్లో దొరుకుతుంది, ఎవరైనా తీసుకోవచ్చు. ఎడమచేత్తో తిత్తి ఊపుతూ, కుడిచేతి చూపుడువేలితో ఒక్కో మెట్టే నొక్కుకుంటూ పోయాను. మారిన పూస దగ్గర అసలుది వదిలేసి, సుధాకర్‌ది నొక్కాను. ఖర్మకొద్దీ అది అరుదైన రకం, హార్మోనియంలో దాని మెట్టు ఆ చివరెక్కడో ఉంది. అప్పటిదాకా కింది స్వరాల్లో గొణుగుతూ వచ్చిన పాట అక్కడ ఒక్కసారి కీచుమంది.

కోడి గింజలేరినట్టే ఉంది. అయినా నాకు ప్రాణం లేచొచ్చింది. సుధాకర్ ఇంట్లో ఉన్నట్టుంది. రోజూ కాలేజీ నుంచి రాగానే చెప్పులు విడిచి, మొహం కడుక్కోకుండానే కూర్చునేదాన్ని. చేతికి అలవాటయ్యాక ఫోన్లో రికార్డు చేసి వంట చేస్తూ కూడా వినేదాన్ని.

ఒక ఆదివారం, వంకాయ తరుగుతూ ఆ పాట వింటూంటే బుర్ర వెలిగింది. జువాలజీ మేడంను కదా, మొదటిరోజే వెలగాల్సింది. నేను దించుకున్న వరుస సుధాకర్‌ది కాదు. ప్రపంచంలో ఎవరి గుండెలోనైనా ఉండేదే. లస్మవ్వ గుండెలోనూ అదే, మా ప్రిన్సిపాల్ గుండెలోనూ అదే, నాలోనూ అదే. అందులో సుధాకర్‌ది అంటూ ఉన్నది ఆ ఒక్క స్వరం. అతన్ని చంపిన స్వరం. మిగతా పాటంతా ఊరందరిదీ.

కత్తిపీట ముందు కూర్చుని ఏడ్చాను. వంకాయ ముక్కలు నల్లబడిపోయాయి. వాటినే వండుకుని తిన్నాను.

ఆ వారంలోనే సిరిసిల్ల నుంచి నా ఆడబిడ్డ నవీన ఫోన్ చేసింది. సుధాకర్‌కు ఒక్కతే చెల్లెలు, ఆమె కూతురు భవ్యశ్రీ. వాళ్లది మరమగ్గాల ఇల్లు, అక్కడ వాటిని సాంచెలంటారు. మా అత్తమ్మ అనసూర్య కూడా కూతురి దగ్గరే ఉంటుంది.

"వదినె, మన భవ్య కానిస్టేబుల్ ప్రిలిమ్స్ పాసైంది! ఇగ ఉరికే పరీక్ష ఉన్నది. రోజు పొద్దుగాల లేచి గ్రౌండ్‌ల ఉరుకుతుంది" అంది.

"ఉరుకుతుందా? నవీనా, డాక్టర్ ఏం చెప్పిండు? నువ్వు, భవ్య ఇద్దరు పరీక్ష చేయించుకోవాలె అన్లేదా? ఎన్నిసార్లు చెప్పిన నీకు?"

"చేయిస్తం తియ్యి వదినె, గా ఉరుకుడు ఈవెంట్స్ అయిపోనీ" అని పెట్టేసింది.

ఈవెంట్స్ అయిపోనీ అట! మరునాడు సెలవు పెట్టి, కరీంనగర్‌లో బస్సు మారి, సిరిసిల్లలో దిగాను.

వాళ్లింట్లో మాట్లాడాలంటే గొంతు పెంచాలి. పక్క షెడ్డులో సాంచెలు పొద్దస్తమానం ధడధడలాడుతూనే ఉంటాయి. ఇల్లంతా ఆ మోతలోనే తింటారు, ఆ మోతలోనే నిద్రపోతారు. అత్తమ్మ వాకిట్లో కూర్చుని నూలు కండెలు చుడుతోంది. ఇంత వయసొచ్చినా చెయ్యి ఊరుకోదు ఆమెకు. భవ్యశ్రీ అప్పుడే గ్రౌండ్ నుంచి వచ్చి, చెమటతో, బూట్లు విప్పుకుంటోంది. పిల్ల మేనమామ పోలికే. నవ్వితే మరీను.

"మమతత్తా!" అని వచ్చి వాటేసుకుంది. దాని గుండె నా గుండెకు ఆనుకుని కొట్టుకుంటూంటే నాకు భయం వేసింది.

చాయ్ కూడా తాగకుండా విషయం ఎత్తాను. నవీన మొహం మాడ్చుకుంది. "పరీక్షల ఏమన్న తేలితే దాని నౌకరి గంగల కలుస్తది. రేపు సంబంధాలొచ్చే పిల్లకు రోగమని పేరు వెట్టమంటవా?" అంది.

"పేరు పెడితే పాణం పోదు నవీనా, పెట్టకుంటేనే పోతది. మీ అన్న ఎట్ల పోయిండో మరిచినవా? మీ బాపు, మా మామయ్య, నిద్రల్నే ఎట్ల పోయిండు? గాలి సోకిందన్నరు. గాలి కాదది."

"పోయినోళ్లు పోయిండ్రు. ఉన్నోళ్లను గూడ రోగుల జేస్తవా వదినె? నీకేమున్నది, నీ నెత్తుర్ల లేదాయె!"

ఆమె కోపంలో అన్నా నిజమే అన్నది. నవీనకు అన్న, అత్తమ్మకు కొడుకు, భవ్యకు మేనమామ. అతని నెత్తురు అందరిలోనూ పారుతోంది. నేనొక్కదాన్నే బయటిదాన్ని. పదహారేళ్లు ఒక్క కంచంలో తిన్నా నా ఒంట్లో అతనిది చుక్క లేదు. మాకు పిల్లలు కూడా లేరు.

భవ్య మా ఇద్దరి మధ్యా నలిగిపోతోంది. మాట మార్చడానికేమో, "మమతత్తా, నువ్వేందో మామ గుండెను పాట గట్టినవట గదా, జర వినిపియ్యవా?" అంది.

అత్తమ్మ కండె పక్కన పెట్టింది. "గుండెను పాట గట్టుడేంది? పోయినోని రోగం గూడ పాటనేనా?" అని నా మీద కళ్లెర్రజేసింది. కానీ దగ్గరికి జరిగి కూర్చుంది.

ఫోన్ సౌండు పూర్తిగా పెంచి అరుగు మీద పెట్టాను. పాట మొదలైంది. టక్కు, టక్కు, టక్కు, ఒకే స్వరం చాలాసేపు. కొంచెం పైకి, మళ్లీ కిందికి. భవ్య నవ్వాపుకుంటోంది. నవీన గోడ చూస్తోంది. అత్తమ్మ తల మాత్రం దానితోపాటు మెల్లగా ఊగడం మొదలైంది. సాంచెల మోతకు అలవాటైన తల, ఏ మోతకైనా ఊగుతుంది కాబోలు.

ఆ మెట్టు వచ్చింది. కీచుమంది.

"బంద్ వెట్టు!" అని అరిచింది అత్తమ్మ, చెయ్యి చాపి. నవీన అయితే అప్పటికే లేచి షెడ్డు వైపు రెండడుగులు వేసింది. భవ్య కూడా ఉలిక్కిపడి అటే చూసింది. ముగ్గురికీ ఒకేసారి. నేనే తెల్లబోయి కూర్చున్నాను.

సంగతి తరువాత అర్థమైంది. సాంచెల ఇళ్లలో అది పుట్టుకతో వచ్చే అలవాటు. పోగు తెగినా, ఏ పుల్ల విరిగినా ముందు మోత మారుతుంది. ఎవరి సాంచె అని చూడరు, ఎందుకని అడగరు, మోత మారింది అనిపించినవాళ్లు వెంటనే ఆపేయాలి. ఆపాకే వెతకడం. ముగ్గురూ షెడ్డులో ఏదో తెగిందనుకున్నారు. షెడ్డులో సాంచెలు మామూలుగానే ధడధడలాడుతున్నాయి.

నవీన వెనక్కి తిరిగి ఫోన్ వైపు చూసింది. "గా సప్పుడు గీండ్లకెళ్లి వచ్చిందా?" అని అడిగింది.

"గదే మీ అన్న పూస" అన్నాను.

అత్తమ్మ చాపిన చెయ్యి ఇంకా అలాగే ఉంది. "గంతేనా? గంత సిన్నదా?" అంది. "గింత సప్పుడు నాకినవడకపాయె గదనే. ఇనవడితే నేను బంద్ వెట్టకపోదునా? కొడుకును ఉరకనిత్తునా?"

ఆమె కళ్లు తుడుచుకుని కూతురి వైపు తిరిగింది. "మోత మారినంక సాంచె నడిపితే ఏమైతది నవీనా?"

"బట్టంత ఖరాబైతది" అంది నవీన, నేల చూస్తూ.

"మారిందో లేదో సూడకుంట నడిపితే?"

నవీన కూతురి వైపు చూసింది.

"పరీక్షయ్యేదాక పిల్ల ఉరుకుడు బంద్. నా మాట గాదంటే నేను గీ ఇంట్ల అన్నం ముట్ట."

"అమ్మమ్మా, ఈవెంట్స్ దగ్గరికొచ్చినయి!" అని భవ్య ఏడుపు మొహం పెట్టింది. రిజల్టు అంతలోపే తెప్పిస్తానని దాని నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్పాను. మరునాడు ముగ్గురినీ కరీంనగర్ తీసుకెళ్లి రక్తం ఇప్పించాను. అత్తమ్మ కూడా చెయ్యి చాపింది. "నన్నెందుకు ఇడిచిపెడుతవు? కన్నదాన్ని" అంది. రిపోర్టులు నా మెయిల్‌కు రావాలని రాయించి మంచిర్యాల వచ్చేశాను.

ఇక ఎదురుచూడటం. ఇప్పుడు చెప్పబోయే మాటకు నన్ను చెప్పుతో కొట్టినా తప్పులేదు. మొదటిరోజుల్లో దేవుడా, పిల్లకు ఉండకూడదు అని మొక్కుకున్నాను. మనస్ఫూర్తిగానే. తరువాత ఎప్పుడో, గిన్నెలు తోముతూనో, బట్టలు ఆరేస్తూనో, ఇంకో ఆలోచన దూరింది. ఒకవేళ ఉంటే? ముందే తెలిసింది కదా, చావదు. మందులున్నాయి, మిషన్లున్నాయి. పరుగు మానేస్తుంది, ఇంకో ఉద్యోగం చూసుకుంటుంది. నెలనెలా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడానికి ఎవరున్నారు? ఇంగ్లీషు రిపోర్టులు చదివేది ఎవరు? నేనే. భవ్య నా దగ్గర ఉండి చదువుకుంటుంది, సాయంత్రాలు ఇంట్లో ఇంకో మనిషి. దాని గుండెలో సుధాకర్ స్వరం కొట్టుకుంటూ ఉంటుంది. అతనిది ఈ భూమ్మీద ఒక్కచోటైనా బతికి ఉంటుంది.

ఛీ, ఏం బతుకే నీది అని నన్ను నేనే తిట్టుకున్నాను. పిల్లకు రోగం కోరుకుంటావా అని. తిట్టుకున్నా ఆ ఆలోచన పోలేదు. రోజూ పదిసార్లు మెయిల్ తెరిచేదాన్ని, ఏ జవాబు కోసం తెరుస్తున్నానో నాకే తెలిసేది కాదు.

రిపోర్టులు ఒక మధ్యాహ్నం వచ్చాయి. కాలేజీ నుంచి తొందరగా ఇంటికొచ్చి తలుపేసుకుని చదివాను. భవ్యశ్రీకి లేదు. నవీనకు లేదు. అత్తమ్మకు లేదు. మళ్లీ చదివాను. వెంటనే ఫోన్ చేయాలి. పిల్ల అక్కడ తిండి మానేసి కూర్చుంది, ఒక్కమాట చెబితే గంతులేస్తుంది. తెలుసు. ఫోన్ చేతిలో పట్టుకునే ఉన్నాను. వేలు కదల్లేదు. చెప్పేస్తే అయిపోతుంది. చెప్పాక సుధాకర్ నిజంగా పోయినట్టే, ఎక్కడా ఏమీ మిగలకుండా. పొద్దు వాలేదాకా అలా గోడకు ఆనుకునే కూర్చున్నాను.

ఫోన్ మోగింది. అత్తమ్మ.

"మమతా, వచ్చిందా బిడ్డా? వాళ్లు మొక్కుకోనీకి వేములాడ రాజన్న కాడికి పోయిండ్రు. నేనొక్కదాన్నే ఉన్న. నా పాణం ఆగుతలేదు."

"వచ్చింది అత్తమ్మా. భవ్యకు లేదు. మంచిగున్నది."

"అయ్యో నా రాజన్నా! నా తల్లి సల్లగుండ!" అంది. చాలాసేపు దేవుళ్లందరికీ దండాలు పెట్టింది. తరువాత "నవీనకు?" అంది.

"లేదు."

"నాకు?"

"నీకు గూడ లేదత్తమ్మా. మామయ్య దిక్కు నుంచి వచ్చిందది."

అటువైపు సాంచెల మోత వినిపిస్తోంది.

"తొమ్మిది నెలలు మోసింది నేను" అంది చివరికి. "నా దగ్గర గూడ లేకపాయెనా?"

అప్పటిదాకా బిగబట్టినదంతా తెగింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. "నువ్వెందుకేడుస్తున్నవు బిడ్డా? మంచి ముచ్చటనే గదా" అంటోంది అత్తమ్మ.

"అత్తమ్మా, నేను పాపిష్టిదాన్ని" అన్నాను. "భవ్యకు ఉంటే బాగుండు అనుకున్న. నిజంగనే అనుకున్న. రిపోర్టు మధ్యాన్నమే వచ్చింది, నేనే చెప్పలే."

ఇక తిడుతుంది అనుకున్నాను. ఫోన్ పెట్టేస్తుంది, మళ్లీ ఆ గడప తొక్కనివ్వదు అనుకున్నాను. తొక్కనివ్వకపోయినా తప్పు లేదు.

"నువ్వొక్కదానివేనా?" అంది అత్తమ్మ.

ఫోన్ చెవికి ఇంకా దగ్గరగా నొక్కుకున్నాను.

"వాని అవ్వను నేను, వాని పెండ్లానివి నువ్వు. మనిద్దరికి గాకుంటె గా రోగం ఇంకెవరికి కావాలెనే?"

ఆమె కూడా ఏడ్చింది. గట్టిగా, సాంచెల మోత మీదుగా నాకు వినిపించేంత గట్టిగా. కాసేపయ్యాక ముక్కు చీదుకుని, "సరే ఇగ, కండ్లు తుడుసుకో. ముందుగాల నవీనకు ఫోన్ జెయ్యి, గుడి కాడ పరేషాన్ల ఉంటది. నవ్వుకుంట చెప్పు. పిల్లకు తెల్వనియ్యకు" అంది.

మొహం కడుక్కుని, గొంతు సవరించుకుని నవీనకు ఫోన్ చేశాను. నవ్వుతూనే చెప్పాను.